పిన్ను పోయిన రోజు

గురువారం పొద్దున్న మణికంఠ వేసుకున్న లెక్క చాలా సులువైనది. ఎలమంచిలి నుంచి అత్తగారి రైలు పదకొండుకి వస్తుంది. కంచరపాలెంలో తన ఇంటి నుంచి స్టేషను పావుగంట. ఆవిడను బండి మీద తీసుకొస్తే పన్నెండుకి భోజనం. చేపల రేవులో పడవలకు తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే మనిషి కాబట్టి, ఏ ముడి ఎక్కడ జారుతుందో ముందే చూసుకోవడం అతనికి అలవాటు.

ఈ అత్తగారు అతని భార్య జ్యోతిర్మయికి పిన్ని. పేరు గౌరీశ్వరి. తల్లి పోయిన జ్యోతిర్మయినీ, తమ్ముడు నవీన్‌నీ పెంచింది ఆవిడే. పదకొండేళ్ళ కిందట ఈ ఇంటి గృహప్రవేశానికి ఆవిడ ఒక బీరువా ఇచ్చింది. పలకలు పలకలుగా పెట్టెలో వచ్చి, ఇంట్లో బిగించుకునే రకం. మణికంఠ దాన్ని వేలితో తట్టి, "అత్తా, ఇది బీరువాయా, బీరువా వచ్చిన అట్టపెట్టా?" అన్నాడు. అందరూ నవ్వారు. గౌరీశ్వరి భోంచేయకుండా వెళ్ళిపోయింది. ఒక్క మాటకి పదకొండేళ్ళు. అంత నష్టానికి అతను జీవితంలో మరే సరుకూ వదల్లేదు.

జ్యోతిర్మయి ఏడాదిగా బతిమాలితే ఆవిడ ఇప్పటికి మెత్తబడింది. "ఒక్కపాలి వచ్చి, ఆ అట్టపెట్టె ఎలాగున్నాదో సూసి ఎల్తాను" అంది. అంటే బీరువా నిలబడితే బంధుత్వం నిలబడుతుంది.

తొమ్మిదింటికి మణికంఠ అందులోంచి చొక్కా తీసుకుని తలుపు వేశాడు. తలుపు అతని చేతిలోకి వచ్చేసింది.

ఆ తలుపు పైనొకటి, కిందొకటి, రెండు పిన్నుల మీద తిరుగుతుంది. పైదాని తల విరిగిపోయింది. అతను తలుపును స్వస్థానంలో నిలిపి, సందులో క్యాలెండరు కాగితం మడిచి దూర్చాడు.

"ఏటా సప్పుడు?" అంది జ్యోతిర్మయి వంటింట్లోంచి.

"ఏటీ లేదు. స్టేషనుకి ఎల్తన్నాను."

"ఇంకా రెండు గంటలున్నాది కదా?"

"అత్తని నిలబెట్టకూడదు."

జ్యోతిర్మయి గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, మొగుడిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

అతను వెళ్ళింది వన్ టౌన్‌కి. మొదటి కొట్టువాడిచ్చిన పిన్ను సన్నం. రెండోవాడిచ్చింది లావు. మూడోవాడు పాత కన్నం పక్కన కొత్త కన్నం వెయ్యమన్నాడు. వేస్తే ఆ పలకలోంచి రాలేది పొట్టేనని మణికంఠకు తెలుసు. ముగ్గురూ చివర్న ఒకే మాట అన్నారు: "అయితే నీలకంఠం గారి కాడికి ఎల్లండి."

దారిలో అతనికి నవీన్ గుర్తొచ్చాడు. ఉక్కు ఫ్యాక్టరీలో పని, చేతికింద ఇనుం చెక్కే లేత్ మిషను. వెంటనే ఫోన్ చేశాడు. అదే సమయంలో సందులోకి ఒక లారీ హారను కొడుతూ వచ్చింది.

"నవీనూ, పిన్ను పోయింది."

నవీన్ చెవిలో పడింది "పిన్ని పోయింది" అని. ఎప్పుడూ 'మీ పిన్ని' అనే బావ ఈరోజు 'మీ' తీసేశాడు. చావు మనుషుల్ని ఎంత దగ్గర చేస్తుందో కదా అని నవీన్‌కి కళ్ళు చెమర్చాయి.

"ఎలాగ బావా?"

"తలుపు కాడే. పాతది కదా, ఒక్క ఊపుకే పోయింది."

రైలు తలుపన్నమాట. నవీన్ పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"ఇప్పుడెక్కడున్నాది?"

"నా కాడే ఉంది. పట్టుకొస్తాను. అలాటివి ఇప్పుడు తయారవ్వట్లేదంట నవీనూ."

"నిజమే. అలాటోళ్ళు ఇప్పుడెక్కడున్నారు?"

పనివాళ్ళ గురించి అంటున్నాడనుకున్నాడు మణికంఠ. "మీ అక్కకి సెప్పకు, గోల సేత్తది. పన్నెండులోగా అయిపోవాల. నీ మనుసులుంటే సూడు."

"అన్నీ నాను సూసుకుంటాను బావా. నువ్వు ధైర్యంగా ఉండు."

ఒక్క పిన్నుకి ఇంత ఓదార్పా అని మణికంఠ ఆశ్చర్యపోయాడు. బావమరిదిని ఇన్నేళ్ళూ తక్కువ అంచనా వేశాననుకున్నాడు.

నీలకంఠం కొట్టు మూడు మూరల వెడల్పు. లోపల నేల నుంచి కప్పు దాకా సొరుగులే. ఒక్కదాని మీదా చీటీ లేదు. డెబ్బై దాటిన నీలకంఠం ముందుగా అన్నది, "ఫోన్ కట్టీయండి. నాను సప్పుడు ఇనాల."

మణికంఠ ఫోన్ ఆపేశాడు.

ముసలాయన విరిగిన పిన్నును బొటనవేలి కింద దొర్లించాడు. తర్వాత ఎదుట ఉన్న నల్లరాతి మీద వదిలాడు. అది టింగుమంది. కళ్ళు మూసుకుని మళ్ళీ వదిలాడు.

"ఆరు మిల్లీమీటర్లకి కొంచెం తక్కువ, ఐదున్నరకి ఎక్కువ. లోపల ఇనుం, పైన ఇత్తడి పూత. తెల్ల బీరువా. తలుపు మీద నీలం గీత ఉంటాది. ఎడం తలుపు. అవునా?"

తాడు పట్టుకుని ఎన్ని పోగులో చెప్పగలనని మణికంఠకి లోలోపల గర్వం. అది ఇక్కడ పలకాబలపం చదువు.

"ఎడం తలుపని ఎలాగ తెలిసింది?"

"అరుగుదల ఒక పక్కే ఉంది కదా. ఈ సైజు రెండేళ్ళే సేసారు. తర్వాత కొలత మార్చీసారు. నా కాడ లేదు. ఊళ్ళోనూ లేదు."

మణికంఠ పిన్ను తీసుకుని లేవబోయాడు. ముసలాయన చేత్తో ఆగమన్నాడు. "ప్రతి పెట్టెలోనూ రెండు ఎక్కువ పెట్టేవోరు, సిన్న ప్యాకెట్లో. మీ ఇంట్లో ఆ పెట్టె ఎవరు ఇప్పారో, ఆళ్ళని అడగండి."

పెట్టె విప్పింది గౌరీశ్వరి. అప్పటికి గోడ గడియారంలో పన్నెండైంది; రైలు సంగతి గుర్తొచ్చి అతను స్టేషనుకి పరుగెత్తాడు.

ఈలోగా కంచరపాలెంలో పని నడిచింది. అక్కకి చెప్పొద్దన్న మాటను నవీన్ తొమ్మిది నిమిషాలు నిలబెట్టుకున్నాడు. జ్యోతిర్మయి మొగుడికి ఫోన్ చేస్తే ఆపేసి ఉంది. పిన్నికి చేస్తే ఆపేసి ఉంది. ఛార్జింగు దాచుకోవడానికి ప్రయాణంలో ఫోన్ కట్టేసే మనిషి ఆవిడ. ఎలమంచిలికి చేస్తే, "పొద్దున్నే రైలెక్కీసిందమ్మా" అన్నారు. మూడు లెక్కలూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. గంట తిరిగేసరికి వీధిలో షామియానా, అరువు కుర్చీలు, శవాన్ని ఉంచే అద్దాల ఐసుపెట్టె వచ్చేశాయి. ఎలమంచిలి నుంచి బంధువులతో వ్యాను బయల్దేరింది. పెళ్ళికి ఆరునెల్లు పట్టే ఊళ్ళో చావుకి గంట చాలు.

గౌరీశ్వరి పదకొండుకే దిగింది. ప్లాట్‌ఫారం మీద గంటసేపు అల్లుడి కోసం చూసింది. తర్వాత ఆటో ఎక్కి, అతనితో అనాల్సిన మాటల్ని దారంతా వరసగా పేర్చుకుంది. సందు మలుపు తిరగగానే షామియానా కనిపించింది. దాని కింద ఐసుపెట్టె. పక్కన జుట్టు విరబోసుకున్న జ్యోతిర్మయి.

స్టేషనుకి ఎందుకు రాలేదో ఆవిడకి ఒక్క క్షణంలో అర్థమైపోయింది.

వీధి మధ్యలో కూలబడింది. "ఓలమ్మో, నా అల్లుడా! అట్టపెట్టె అన్నావని పదకొండేళ్ళు నీ మొకం సూడనేదు కదరా! తల్లి నేని పిల్లని కళ్ళల్లో పెట్టుకున్నావు. నీ మీద నాకు కోపం ఏ రోజో పోనాది, పంతమే పోనేదు. ఇంకెవల మీద అలగాల్రా నాను?"

షామియానా కింద గాలి ఆగిపోయింది. శోకాలు పెడుతున్నది చనిపోయిన మనిషే కావడంతో ఎవరూ లేవలేదు. చావు డప్పులవాళ్ళు కూడా పుల్లలు దించేశారు. స్టేషనులో ఆవిడ కనపడక ఇంటికొచ్చి, సందు చివర బండి ఆపిన మణికంఠ అక్కడే నిలబడిపోయాడు. తను ఒక్కసారి కూడా కాటాలో వేయని మనిషి తనని ఎంత బరువు తూచిందో ఇప్పుడు విన్నాడు.

"అత్తా" అన్నాడు.

గౌరీశ్వరి తలెత్తి అతన్ని కిందినుంచి పైకి చూసింది. "బతికే ఉన్నావేటి?"

"మరి ఈ పందిరి ఎవలికి?" అన్నాడు మణికంఠ.

అందరూ నవీన్ వైపు తిరిగారు. "బావే కదా సెప్పాడు, పిన్ని పోయిందని" అన్నాడతను.

"పిన్ని కాదు, పిన్ను." మణికంఠ అరచెయ్యి తెరిచాడు. తల లేని ఇత్తడి రంగు ముక్క. నలభైమంది వంగి దాన్ని చూశారు. ఇంత సామాను కదిలించింది ఇంత చిన్న ముక్కా అని ఎవరికీ నమ్మకం కుదరలేదు.

గౌరీశ్వరి లేచి తిన్నగా లోపలికి నడిచింది. వెనకాల మణికంఠ. ఆవిడ బీరువా ముందు నిలబడి, సందులోని క్యాలెండరు కాగితం లాగింది. తలుపు పక్కకి వాలిపోయింది.

"తప్పు నాదే అత్తా. నీ బీరువా పదకొండేళ్ళు తిన్నగా నిలబడింది. నానే గట్టిగా లాగీసినాను."

ఆవిడ నడుం దగ్గరి సంచిలోంచి కాటుక భరిణె తీసి మూత తిప్పింది. అందులో రెండు పిన్నులు, కొత్తవి, మెరుస్తూ. "అట్టపెట్టెకి పిన్నులెందుకని ఆరోజు పట్టుకుపోయినాను. ఈరోజు ఇచ్చీద్దామని తెచ్చినాను. పట్టు తలుపు."

పిన్ను కన్నంలో సరిగ్గా కూర్చుంది. తలుపు చప్పుడు లేకుండా పడింది.

అప్పుడే గుమ్మంలోకి ఫ్లెక్సీలు వేసే అప్పలరాజు వచ్చాడు, చంకలో ఫ్లెక్సీ చుట్టతో. ఎవరూ ఆపేలోపే విప్పేశాడు. నిలువెత్తు గౌరీశ్వరి, చుట్టూ మల్లెలు, కింద కన్నీటి నివాళి. జ్యోతిర్మయి లాక్కుని చింపబోయింది.

గౌరీశ్వరి దాన్ని జానతో కొలుచుకుంటూ తన బొమ్మని చాలాసేపు చూసింది.

"బీరువాలో దాసీయండి" అంది. "తర్వాత కావాలంటే ఈ సైజు దొరకదు."