లీమా నుంచి బొగోటాకు మూడు గంటలే!

అడగకుండా వచ్చి పడే సమాచారమే అసలైన జ్ఞానం! మీ ఫోన్ అక్కర్లేనిదేదో చూపించిందా? విసుక్కోకండి. దణ్ణం పెట్టుకోండి.

నన్నే చూడండి. కువైట్‌లో అహ్మది ఆయిల్ కంపెనీలో ఇంజనీరుని, అక్కడే ఎగైలాలో కాపురం. ఆమధ్య క్రికెట్ స్కోరు కోసం ఫోన్ తీస్తే, దక్షిణ అమెరికాలో లీమా నుంచి బొగోటాకు ఎంత దూరమో చెప్పే పేజీ వచ్చి కూర్చుంది. సుమారు పంతొమ్మిది వందల కిలోమీటర్లు, విమానంలో మూడు గంటలు. ఇది తెలియకుండా నలభై ఆరేళ్లు ఎలా బతికానండీ?

కంపెనీ బస్సులో అందరికీ చెప్పాను. మర్నాటి నుంచి నా పక్క సీటు ఖాళీ! శుక్రవారం భోజనానికి వచ్చినవాళ్లకు చెప్పాను. పెరుగన్నం తినకుండానే చెప్పులు వెతుక్కున్నారు. మా ఆవిడ కుముదిని అయితే టీవీ సౌండ్ పెంచేసింది.

శ్రద్ధగా విన్నది ఒక్క గంగాదేవే. రాజంపేట దగ్గరి మనిషి, మూడేళ్లుగా మా ఇంట్లో పని చేస్తోంది.

"ఆడ మనోళ్లు ఎవురన్నా ఉండారా సార్?"

"లేరు."

"మీరు పోతాండారా?"

"లేదు."

"మళ్లా ఎందుకు సార్ అదంతా?"

జ్ఞానం కోసం అన్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మా ఊరికెంతసేపో చూడండి సార్."

"చెన్నైకి ఐదు గంటలు. అక్కణ్ణుంచి బస్సు."

"వచ్చేది ఐదు గంటలని నాకూ తెల్సు సార్. కూసోని వచ్చినా కదా! పోయేదానికే ఎంతసేపో తెలీడంల్యా."

ఆమె కూతురికి తొలి కాన్పు, పది రోజుల్లో. సెలవు రెండుసార్లు అడిగింది. మొదటిసారి పిల్లల పరీక్షలు అన్నాను. రెండోసారి బంధువులొస్తున్నారన్నాను.

"ఖలాస్ సార్, ఇంక చాలు. నా పాస్‌పోర్టు ఇయ్యండి."

ఆ పాస్‌పోర్టు నా బీరువాలో ఉంటుంది. భద్రత కోసం! దాచిపెట్టడం తప్పని చెప్పేవాళ్లుంటారు, వాళ్లకేం తెలుసు? తీసి చూశాను. ఎంత భద్రం! ఒక్క మడత లేదు, ఒక్క మరక లేదు. గడువు మాత్రం పోయిన నెలే తీరిపోయింది.

కుముదిని నా వైపు చూసింది. ఆ రోజు టీవీ ఆపేసే ఉంది.

మర్నాడు సెలవు పెట్టి గంగాదేవిని పాస్‌పోర్టు ఆఫీసుకు తీసుకెళ్లాను. ఫారాలు నింపాం, ఫొటో సరిగా లేదని వెనక్కి పంపారు. మూడోసారి వెళ్లినప్పుడు, మా ముందు ఇంకా ఇరవై మంది ఉండగా, ఆమె ఫోన్ మోగింది.

"ఆడబిడ్డంట సార్! మూడు కిలోలంట!"

పకపకా నవ్వింది. ఆపైన ఫోన్‌కి వచ్చిన ఫొటోలో ఆ బిడ్డ మొహాన్ని వేళ్లతో పెద్దది చేసుకుని చాలాసేపు చూస్తూ నిలబడింది. ఏదో ఒకటి అనాలి కదా! ఇక్కణ్ణుంచి రాజంపేటకు ఎన్ని కిలోమీటర్లో నా ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను.

"జరగండి సార్," అంది గంగాదేవి. "క్యూ కదిలింది."