వెంట వచ్చిన నంబర్

ఆ పొద్దున వెంకట్రాజం అనుకున్నది ఒక్కటే, ఫోన్ పక్కనుంచి కదలకూడదని. కూతురు లక్ష్మి నాగపూర్‌లో కాన్పుకు దవాఖానాలో చేరింది. కబురు చెప్పడానికి అల్లుడు రాయమల్లు ట్రంక్ కాల్ చేయాలి.

మట్టెవాడ గల్లీ వదిలి దేశాయిపేటలో కొత్త ఇంట్లోకి వచ్చి ఎన్నాళ్లో కాలేదు. రెండు చోట్లకూ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ ఒకటే కాబట్టి పాత నంబరే వెంట వచ్చింది. "ఇల్లు మారినా నంబర్ మారలే" అని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు, అల్లుడికి తప్ప. మారనిదాన్ని గురించి రాసేదేముంది?

అయితే పాత గల్లీ మొత్తానికీ ఫోన్ ఉన్నది ఆయనకొక్కడికే. గల్లీవాళ్లంతా చుట్టాలకు ఆ నంబరే ఇచ్చుకున్నారు. నంబర్‌తోపాటు గల్లీ కూడా వచ్చేసింది.

"సమ్మమ్మను జర పిలువుండ్రి."

"సమ్మమ్మ లేదు."

"ఏడికి పోయింది?"

"ఆమె ఏడికీ పోలే. నేనే వచ్చిన."

పెట్టీ పెట్టకముందే మళ్లీ మోగింది. కట్టమ్మ బర్రె ఈనిందా అని ఎవరో అడిగారు.

"నా బిడ్డ ముచ్చటే నాకింకా తెల్వది, బర్రె సంగతి నన్నడుగుతవేంది?"

"లైన్ ఖాళీగ ఉంచరాదయ్యా," అంది భార్య మొగిలమ్మ.

"నేను పట్టుకున్ననా? గల్లీ పట్టుకున్నది."

ఈసారి గంట ఆగకుండా మోగింది. ఆపరేటర్. "ట్రంక్ కాల్. ఫకీర్ మహమ్మద్ గారున్నారా? ఆయనకే ఇవ్వాలి."

పాత ఇంటి పక్కన ఉండే టైలర్. "లేడు. ఇక్కడ ఎవ్వలూ లేరు," అని కసిరాడు వెంకట్రాజం.

"సరే, నాగపూర్‌కు అదే చెప్తాను. కాసేపాగి మళ్లీ అడుగుతాం."

నాగపూర్ అన్న మాట బుర్రకెక్కేసరికి రిసీవర్ కింద పెట్టేసి ఉన్నాడు. సంగతి భార్యకు చెప్పాడు.

"ఫకీరన్నకు నాగపూర్‌ల ఎవలున్నరు?" అంది మొగిలమ్మ. ఆమె ముఖం మెల్లగా మారింది. "ఇల్లు మారినమని అల్లునికి రాస్తివి. నంబర్ గదే అని రాసినవా?"

రాయమల్లు నాగపూర్‌లో ఇల్లు మారినప్పుడు ఎక్స్ఛేంజ్ వేరై కొత్త నంబర్ వచ్చింది. ఇక్కడా అంతే అనుకున్నట్టున్నాడు. పాత నంబర్ గల్లీలోనే ఉండిపోయుంటుంది, ఎవరెత్తినా ఫకీర్ మహమ్మద్‌ను పిలుస్తారు, ఆయనొచ్చి మామకు చెబుతాడని లెక్కేసి ఉంటాడు.

"ఉరికి ఫకీరన్నను తోల్కరా," అంది మొగిలమ్మ.

"ఈలోపట్ల కాల్ వస్తే?"

వచ్చింది. "ఫకీర్ మహమ్మద్ గారు వచ్చారా?"

వెంకట్రాజం భార్య వైపు చూశాడు. "వచ్చిన. నేనే."

గరగరల మధ్య అల్లుడి గొంతు వినిపించింది. "చాచా, మామకు చెప్పాలె. ఆడపిల్ల. తల్లీబిడ్డ మంచిగున్నరు."

ఆయన మొగిలమ్మ వైపు తిరిగి నవ్వుతూ తలూపాడు.

"అత్తమ్మను జల్ది పంపుమను. మామను మాత్రం రావద్దను చాచా. ఆయనొస్తే డాక్టర్లను సుత పని చేసుకోనియ్యడు. నేనన్నట్టు చెప్పకు."

"చెప్ప బేటా," అన్నాడు వెంకట్రాజం గొంతు సర్దుకుని.

రేపు అల్లుడు ఫకీర్ మహమ్మద్‌ను కలిస్తే గుట్టు బయటపడుతుంది. అందుకని సైకిలెక్కి గల్లీకి పోయి ఆయనకు కబురు అప్పగించి వచ్చాడు. కాసేపటికి ఫకీర్ మహమ్మద్ టోపీ సర్దుకుంటూ దేశాయిపేటకొచ్చి, తల్లీబిడ్డ క్షేమమనీ, ఇద్దరూ వెంటనే బయల్దేరాలనీ చెప్పాడు. మొగిలమ్మ అప్పుడే విన్నట్టు ఆశ్చర్యపోయి లడ్డూ పెట్టింది.

మామ రావద్దన్న ముక్క ఫకీర్ మహమ్మద్ చెప్పలేదు. అది ఆయనదాకా చేరలేదు.