పేరయ్య బీపీ, ఆదెమ్మ పేరున

దోర్నపాడులో పేరయ్య రక్తపోటును పంచాయతీ తీర్మానం ప్రకారం ఆయన భార్య ఆదెమ్మ పేరున మార్చారు. ఊళ్లో ఎవరికీ వింతగా తోచలేదు. సర్పంచి పదవి ఆదెమ్మది, కుర్చీలో కూర్చునేది పేరయ్య. అలాంటప్పుడు బీపీ పేరయ్యది, మోసేది ఆదెమ్మ అయితే తప్పేమిటన్నారు పెద్దలు. తీర్మానం మీద సర్పంచి సంతకం కూడా పేరయ్యే పెట్టాడు.

ఆనాటి నుంచి ఆయన ఎండుచేపల పులుసు రెండోసారి పోయించుకుంటే ఈమెకు తల దిమ్మెక్కేది. ఆయన గుమాస్తా మీద అరిస్తే ఈమె చెవుల్లో హోరు. ఆరోగ్య ఉపకేంద్రంలో కాగితాలు మాత్రం మార్చలేదు; బీపీ పట్టీ ఆమె చేతికి చుట్టి, అంకెలు ఆయన పేరునే రాసుకునేవారు. బిళ్లలూ ఆయన పేరునే వచ్చేవి. కొన్నాళ్లకు పేరయ్య వాటిని వద్దన్నాడు.

“రాయిలాగున్నా. నాకు మందులెందుకు?”

బాగున్న మనిషి పేరున మందులివ్వడం పద్ధతి కాదు గనుక ఆపేశారు.

తర్వాత ఆదెమ్మ కాళ్లు పొంగాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటికి గాని పూడేది కాదు. వెల్లకిలా పడుకుంటే ఊపిరందక, దిండ్లు ఎత్తుగా పేర్చుకుని కూర్చునే కునుకు తీసేది. వారం తిరగకుండానే బరువు పెరిగింది. పదవి ఒంటికి పట్టిందని అమ్మలక్కలు మెచ్చుకున్నారు.

నర్సు దీనమ్మ ఆ కాళ్లు చూసి, “ఒళ్లు కాదమ్మా ఇది, నీరు. గుండె అలిసిపోయి రక్తాన్ని సరిగా తోడటంలా. ఈ పూటే పెద్దాసుపత్రికి పోవాల,” అంది.

ఆసుపత్రి బండి వెంటనే వచ్చింది. అయితే కాగితాల్లో రోగి పేరయ్య. మండల సమావేశంలో ఉన్న ఆయన్ను పిలిపించి బండిలో పడుకోబెట్టారు. ఆక్సిజన్ గొట్టం ఆయన ముక్కుకే పెట్టారు. తోడుగా వెళ్లేవాళ్ల బల్ల మీద ఆదెమ్మ కూర్చుంది. దారిలో ఒక్క మాటే అంది.

“ఏమయ్యా, ఆ గాలి కాసేపు నాకియ్యరాదా?”

“నీకెందుకే? జబ్బు నాది గదా,” అన్నాడు పేరయ్య.

పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ ఆయనకే చేశారు. గుండె దివ్యంగా ఉందని డాక్టరు భుజం తట్టి పంపాడు. బయట వరండాలో ఆదెమ్మ అప్పటికే ఒరిగిపోయింది. రోగి క్షేమం గనుక ఆసుపత్రి లెక్కలో మరణం లేదు. పేరయ్యకు పెద్ద గండం తప్పిందని ఊరంతా వచ్చి పలకరించిపోయారు.

పెద్దకర్మ నాడు భోజనాలకు ముందు పంచాయతీ కూర్చుంది. బీపీని ఎవరి పేరునా లేకుండా వదిలేయడం కుదరదు. కోడలు మల్లీశ్వరి వయసులో ఉంది, గట్టి మనిషి. ఆమె తరఫున ఒప్పుకోలు ఆమె మొగుడు చెప్పాడు.

వంటింట్లో ఉన్న మల్లీశ్వరికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అన్నం వారుస్తూ ఉన్నట్టుండి కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. విస్తళ్లు పరిచేశామని పంచలోంచి కేకేశారు. ఆమె అన్నం గంప ఎత్తుకుని వెళ్లింది.