పెళ్ళివారి పడవలు, ఢిల్లీ వారి ఉత్తర్వు

ఆ శ్రావణమాసపు పొద్దున రామకోటి నిద్ర లేస్తూనే రోజంతా ఎలా నడవాలో మనసులో వరసగా పెట్టుకున్నాడు. ముందు స్నానం. తరవాత పెదపాడు వైపు గట్టుకి పడవలు పంపడం. దెందులూరు నుంచి బళ్ళ మీద వచ్చి అక్కడ దిగే మగపెళ్ళివారిని ఎక్కించుకుని లంకకి తీసుకురావడం. మధ్యాహ్నం ముహూర్తానికి కూతురు మంగ మెడలో మూడు ముళ్ళూ పడితే, కడుపునిండా భోజనం చేసి అరుగు మీద నడుం వాల్చడం. కొల్లేటి నడుమ ఆ లంకలో చేపలు పట్టి బతికే వాళ్ళకి అతను కులపెద్ద. పెద్దమనిషి వేసుకున్న పథకం కనక ఇందులో లోపం ఉండదని అతని నమ్మకం.

"పడవలెళ్ళాయా?" అని భార్య నూకరత్నం అడిగేదాకా ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

రేవుకి వెళ్ళి చూస్తే పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వాటి ముందు పాతిన గెడ, గెడ కొసన తాటాకు ముడి. అంటే కట్టు వేశారన్నమాట. కులపెద్దలు రేవులో తాటాకు పాతితే, దాన్ని తీసేదాకా పడవ కదలకూడదు, వల తడవకూడదు. వేసింది మరొకరైతే రామకోటి చెడామడా తిట్టేవాడే. వేసింది తనే.

సంగతేమిటంటే, వరదలొస్తే కేంద్రం, రాష్ట్రం, జిల్లా, పంచాయితీ ఎవరి దారిన వారు పోకుండా కలిసి పనిచెయ్యాలనీ, ఒకరినడగకుండా మరొకరు ఏదీ చెయ్యకూడదనీ ఢిల్లీ నుంచి రాష్ట్రపతి గారి పేరు మీద ఉత్తర్వొకటి బయల్దేరింది. బయల్దేరినప్పుడు అది ఒకే ఒక్క కాగితం. అప్పటి రాజధాని కర్నూలులో కాస్త ఒళ్ళు చేసి, ఏలూరు చేరేసరికి కట్టయింది. దాన్ని చంకన పెట్టుకుని రెవిన్యూ ఇన్‌స్పెక్టరు తాతారావు లంకకి వచ్చి, ఊళ్ళో పెద్దల్ని కూర్చోబెట్టి చదివాడు. స్థానికంగా ఉండే కులపెద్దలను కూడా సంప్రదించవలెనన్న వాక్యం దగ్గర రామకోటి ఆపించాడు.

"అంటే రాష్ట్రపతి గారు మమ్మల్ని అడగమన్నారాండీ?"

"మిమ్మల్నేనండి," అన్నాడు తాతారావు.

ఇక రామకోటి కాళ్ళు నేల మీద నిలవలేదు. అంతవరకూ ప్రభుత్వం వారి కాగితాల్లో కులపెద్దల ఊసు వచ్చిందంటే అది ఎవరో పెట్టిన ఫిర్యాదే. పై అధికారి వచ్చి, జనాన్ని పడవల్లో రక్షించే వరద రిహార్సలు చూసేదాకా పడవలు సిద్ధంగా ఉంచమని తాతారావు అడిగితే, ఉంచడమేమిటి, కట్టే వేస్తామన్నాడు. ఉత్తర్వులో ఉన్నవాళ్ళంతా ఒప్పుకుంటేగాని తియ్యబోమని నలుగురి ముందూ గెడ పాతాడు. అధికారి మర్నాడే వచ్చి వెళ్ళిపోతాడు, పెళ్ళికి అడ్డేముందనుకున్నాడు. ఆ అధికారి తన రాకని రోజుకోసారి వాయిదా వేసుకుంటూ తెచ్చి తెచ్చి పెళ్ళిరోజు మీద పెట్టాడు. పెళ్ళిపనుల సందట్లో ఆ సంగతి రామకోటికి తట్టలేదు.

పరుగున పంచాయితీ ప్రెసిడెంటు సుబ్బరాజు దగ్గరికి వెళ్ళాడు. తనకేమీ అభ్యంతరం లేదనీ, ఇన్‌స్పెక్టరు గారు సరేనంటే చాలుననీ సుబ్బరాజు అన్నాడు. రిహార్సలు కోసం పొద్దున్నే వచ్చి బడి అరుగు మీద కూర్చున్న తాతారావు, ఏలూరు వారు సరేనాలన్నాడు. ఏలూరు వారికి కర్నూలు వారు చెప్పాలి, కర్నూలు వారికి ఢిల్లీ వారు చెప్పాలి.

"మరి ఢిల్లీ వారు ఎవర్ని అడగాలండీ?"

తాతారావు కాగితాలు తిరగేశాడు. "స్థానిక కులపెద్దల్నండి."

"అది నేనే గదండీ."

"మీరేనండి. కాని మీరొక్కరే ఏదీ చెయ్యకూడదని కూడా ఉందండి."

తోటి పెద్దలైనా కనికరిస్తారేమోనని వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. కిందటేడు అత్తగారిని తీసుకురావడానికి కట్టు దాటి పడవ తీశాడని సత్తిబాబుకి తప్పు వేసి సొమ్ము కట్టించిందెవరని వాళ్ళు అడిగారు. వాళ్ళ వెనకే నిలబడ్డ సత్తిబాబు ఆ మాటకి నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు.

ఇంతలో అవతలి గట్టు నుంచి పొరుగూరి మనిషొకడు ఒక్కరికే చోటుండే తాటిదోనె మీద కబురు తెచ్చాడు. పొద్దు నడినెత్తికొచ్చేలోగా పడవలు రాకపోతే పిల్లనివ్వడం ఇష్టం లేదనుకుని బళ్ళు వెనక్కి తిప్పేస్తామని పెళ్ళికొడుకు తండ్రి జోగయ్య చెప్పమన్నాడట. పెళ్ళికూతురి ముస్తాబులో ఉన్న మంగ తలుపు చాటు నుంచి తండ్రి వంక చూసింది. తన పెద్దరికమే కూతురి పెళ్ళికి ఎసరు పెట్టిందని తెలిసి రామకోటి సిగ్గుతో కుంచించుకుపోయాడు.

మళ్ళీ బడి దగ్గరికి వెళ్ళేసరికి తాతారావు కూడా తల పట్టుకుని ఉన్నాడు. అధికారి బయల్దేరిపోయాడు. రక్షించడానికి పడవలున్నాయి గాని మునిగేవాళ్ళు లేరు. శ్రావణమాసంలో, పెళ్ళిరోజున, వరదలో చిక్కుకున్నట్టు నటించడం అశుభమని లంకలో అందరూ తలుపులేసుకున్నారు.

"మునిగేవాళ్ళు ఈ లంకవాళ్ళే అవ్వాలాండీ?" అన్నాడు రామకోటి.

"ఎవరైనా ఫరవాలేదండి. పిల్లా జెల్లా, సామాన్లతో సహా అవతలి గట్టున చిక్కుకుని ఉండాలి. కాస్త దిగులుగా కూడా ఉండాలి."

"ఉన్నారండి. పొద్దున్నుంచీ చాలా దిగులుగా ఉన్నారు."

తాతారావు లేచి నిలబడ్డాడు. రిహార్సలుకి పైవాళ్ళందరి అనుమతీ ఎప్పుడో ఉంది. రిహార్సలుకి వేసిన కట్టు రిహార్సలు కోసమే తీస్తున్నామంటే సుబ్బరాజూ, కులపెద్దలూ కూడా కాదనలేకపోయారు. పడవలు కదిలాయి.

అవతలి గట్టున జీపు దిగిన అధికారి ఉత్తరాది కుర్రవాడు. బళ్ళ పక్కన పెళ్ళికొడుకు నాయనమ్మ ఏడుస్తూ ఉంటే, ఎంత సహజంగా ఉందోనని మెచ్చుకున్నాడు. పెళ్ళికొడుకు చిన్నరాజు నుదుటి మీద బాసికం చూసి దెబ్బ తగిలిందనుకుని, ఇద్దరి చేత ఎత్తించి పడవలో పడుకోబెట్టించాడు. సన్నాయివాళ్ళెందుకని అడిగితే, బాధితులకి ధైర్యం చెప్పడానికి పంచాయితీ ఏర్పాటు చేసిందని సుబ్బరాజు విన్నవించాడు. వెనుదిరగబోతున్న జోగయ్యకి అధికారి స్వయంగా దుప్పటి కప్పేసరికి ఆయన కోపం కాస్తా చల్లారింది. ముహూర్తం దాటకుండా తాళి పడింది. రామకోటి కళ్ళొత్తుకున్నాడు. అధికారి భోజనం చేసి, అక్షింతలు వేసి, అద్భుతమని రాసుకుని వెళ్ళాడు.

మర్నాడు మంగని అత్తవారింటికి పంపే వేళకి తాతారావు ఉత్తర్వులో రెండో భాగం పట్టుకొచ్చాడు. ప్రమాదం తప్పిందని అందరూ, రక్షింపబడినవారితో సహా, కలిసి తేల్చేదాకా వారిని సురక్షిత ప్రదేశం నుంచి కదిలించకూడదట. రేవులో మళ్ళీ తాటాకు లేచింది. బాధితుల కూర కోసమని వలలకి మాత్రం సడలింపు ఇచ్చారు.

మొదట్లో రామకోటి బియ్యం బస్తాల వంక చూసి నిట్టూర్చాడు. తాతారావూ, సుబ్బరాజూ నీటి మట్టం పరీక్షించడానికి రోజూ సరిగ్గా భోజనాల వేళకే వచ్చేవారు. కాని మంగ లేని ఇల్లెలా ఉంటుందోనని నెలరోజులుగా బెంగపడిన నూకరత్నం, కూతురు ఇంకా పొయ్యి దగ్గరే తచ్చాడుతుంటే మురిసిపోతోంది. అది చూసి రామకోటికీ ప్రాణం హాయిగా ఉంది.

ఒకరోజు విస్తళ్ళ ముందు తాతారావు కాగితం తీసి, ప్రమాదం తప్పిందని రాయమంటారా అని అడిగాడు.

జోగయ్య కొరమేను పులుసు కలుపుకుంటూ గంభీరంగా కొల్లేటి వంక చూశాడు. "నీరు తగ్గినట్టు నాకైతే కనపడ్డం లేదండి, బావగారూ."

సుబ్బరాజు నోటినిండా అన్నంతోనే తలూపాడు. రామకోటి వంటింటి గుమ్మంలో ఉన్న తల్లీకూతుళ్ళని చూసి, ప్రమాదం తప్పలేదన్న చోట వేలిముద్ర వేశాడు.

ఆ కాగితం ఏలూరు మీదుగా కర్నూలు, కర్నూలు మీదుగా ఢిల్లీ వెళ్ళింది. దారిలో ఎవరూ కాదనలేదు.