బేకరీ ఆయన నీలి గోళ్ళు

ఆ పొద్దున బేకరీ ఆయన పెట్టుకున్న పని ఒక్కటే, పుట్టినరోజు కేకు మీది క్రీముకు రంగు కలపడం. డబ్బా రంగులు వద్దు, కూరగాయల్లోంచి తీసిందే వెయ్యాలని పిల్ల తల్లి మరీ మరీ చెప్పి వెళ్ళింది. ఆయన ఊదారంగు క్యాబేజీ తరిగి, ఉడికించి, చేత్తోనే పిండి రసం తీశాడు. క్రీములో కలిపి, వేలితో నాకి చూసి, సబ్బుతో చేతులూ మూతీ కడుక్కున్నాడు.

అద్దంలో చూస్తే పెదాలు నీలం. గోళ్ళు మరీ నీలం. ఇంకాస్త సబ్బు రుద్దాడు. ఇంకాస్త నీలమయ్యాయి.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. పెదాలూ గోళ్ళూ నీలమైతే గుండె మొరాయించినట్టేనని సందు చివరి డాక్టరు ఎప్పుడో అన్నాడు.

"ఏమేవ్! ఇలా రా!"

భార్య పరుగున వచ్చి ఆ నురగ చేతులు పట్టుకుంది. "అయ్యో, చల్లబడిపోయాయండీ!"

"ఇప్పుడే కడుక్కున్నానే!"

పట్టుకున్నంతసేపట్లో ఆమె చేతులూ నీలమయ్యాయి. "అంటురోగమండీ!" అని ఆమె అరిచిన అరుపుకి, గల్లా దగ్గర ఉన్న బామ్మర్ది ఒక్క గెంతులో వీధిలోకి, కొనడానికొచ్చిన వాళ్ళ వెనక్కి చేరాడు.

బేకరీ ఆయనకు చావుకన్నా పెద్ద భయం పట్టుకుంది. దుకాణాన్ని నిలబెట్టిన కేకు రుచి గుట్టు ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. తను పోతే పొయ్యి ఆరిపోతుంది, ఇంటిల్లిపాదీ ఏం తిని బతుకుతారు?

"ఒరేయ్, దగ్గరికి రా! కేకు గుట్టు చెప్పాలి!"

"అక్కణ్ణుంచే చెప్పు బావా!"

"చెవిలో చెప్పేదిరా!"

"గట్టిగా చెప్పు, నా చెవులు బాగానే ఉన్నాయి!"

ఆయన గొంతు చించుకున్నాడు. "వెన్న పచ్చిది వెయ్యకూడదురా! ఎర్రగా కాచి, చల్లార్చి, అప్పుడు కలపాలి!"

కొనడానికొచ్చిన వాళ్ళంతా ఊపిరి బిగబట్టి విన్నారు. "మంట సన్నదా, పెద్దదా?" అని ఒకావిడ అడిగింది.

"సన్నదేనమ్మా," అన్నాడాయన ఏడుస్తూ.

మొగుడూ పెళ్ళాం డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. డాక్టరు నాడి చూసి, పొద్దున్నుంచీ ఏం చేశారో అడిగి, తన టీలో పిండుకోబోతున్న నిమ్మచెక్క తీసి గోటి మీద రుద్దాడు. నీలం కాస్తా గులాబీరంగుకు తిరిగింది.

"క్యాబేజీ రంగయ్యా ఇది! సబ్బు తగిలితే నీలం, పులుపు తగిలితే గులాబీ. మీ గుండెకేం, దుక్కలా ఉంది!"

బతికిపోయానని బేకరీ ఆయన నవ్వుకుంటూ సందులోకి తిరిగాడు. ప్రతి ఇంటి కిటికీలోంచీ వెన్న కాగుతున్న కమ్మటి వాసన వస్తోంది. ఆయన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

మర్నాడు దుకాణానికి ఒక్కావిడే వచ్చింది, వెన్న ఎంతసేపు చల్లార్చాలో కనుక్కుందామని.