ఏడో నంబరు సీసాలో పచ్చ

విశ్వవిద్యాలయం మానవజాతిని రెండు వర్గాలుగా విభజించింది: శాస్త్రవేత్తలు కాబోయేవారు, శాస్త్రేతరులు. మొదటి వర్గానికి ప్రకృతి తన రహస్యాలను స్వయంగా విప్పి చెబుతుంది. రెండో వర్గానికి అటువంటి రహస్యాలు ఉన్నాయన్న సమాచారం మాత్రం అందజేస్తారు, అదీ పదహారు ఆదివారాల్లో, హాజరు డెబ్బై అయిదు శాతానికి తగ్గకుండా. ఈ అందజేత పేరు 'శాస్త్రేతరులకు రసాయన శాస్త్ర పరిచయం'. చరిత్ర చదివినా, సంగీతం చదివినా, ఏమీ చదవకపోయినా ఇది దాటనిదే డిగ్రీ రాదు. (ఏమీ చదవనివారికి డిగ్రీ ఎలా వస్తుందన్నది వేరే విభాగం చూసుకుంటుంది.)

అరసున్న గారు రెండో వర్గం మనిషి. వయసు నలభై ఏడు, నిఘంటు కార్యాలయంలో పంతొమ్మిదేళ్ళుగా ప్రూఫ్ రీడరు. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది గానీ, బయట దాని అవసరం పడలేదు. ఒకప్పుడు, ఎవరూ రాయని, రాసినా ఎవరూ చూడని ఒక అరసున్న తప్పిపోయిందని ఆవిడ తిరుగుతున్న అచ్చు యంత్రాన్ని ఆపించింది. ఆ సాయంత్రం నుంచి ఆవిడే అరసున్న. ఆ బిరుదు మీద ఆవిడకు కోపం లేదు. నిజం చెప్పాలంటే లోలోపల కాస్త మురిపెం కూడా ఉండేది.

ఇంత వయసులో రసాయన శాస్త్రమేమిటంటే, దానికో కారణం ఉంది. నిఘంటువు కొత్త కూర్పు అచ్చుకు వెళ్తోంది. లోపలి మొదటి పేజీలో సహాయ సంపాదకుల పేర్లు వేస్తారు, ప్రూఫ్ రీడర్ల పేర్లు వేయరు. సహాయ సంపాదకురాలు కావాలంటే డిగ్రీ కావాలి. పెళ్ళినాడు ఆగిన చదువును ఆవిడ మళ్ళీ మొదలుపెట్టి, ఒక్కొక్క పేపరే గట్టెక్కి, చివరికి రసాయనం దగ్గర చతికిలపడింది. యాభై ఏడు వేల మాటలున్న పుస్తకంలో తన పేరు కూడా ఒక మాటగా అచ్చవ్వాలని ఆవిడ కోరిక. మరీ పెద్ద కోరికేం కాదు. అందుకే అన్ని ఫారాలు నింపాల్సి వచ్చింది.

మొదటి ఆదివారం రసాయనాలకు ముందు ఫారాలు పంచారు. అందులో ఒకటి 'పగలగొట్టబోవు పరికరముల ముందస్తు అంగీకార పత్రము'.

"ఏం పగలగొడతానో ఇప్పుడే ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగింది ఆవిడ.

లెక్చరరు ఆవిడకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మంచివాడు, ఆదివారాలు కోల్పోయినవాడు. "అంచనా వేయండి మేడం. సైన్సంటేనే అంచనా," అన్నాడు.

ఆవిడ 'పరీక్షనాళిక, ఒకటి' అని రాసింది. పదిహేను వారాలు గడిచినా ఒక్కటీ పగలలేదు. అంగీకరించిన నష్టం ఎందుకు కలిగించలేదో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని నోటీసు వచ్చింది. ప్రయోగశాల అటెండరు, ఆ గదిలోనే తల నెరిసినవాడు, ఆవిడ మీద జాలిపడ్డాడు.

"ఒకటి కింద పడేయండి అమ్మగారూ. గొడవ వదిలిపోద్ది," అని తనే ఒక నాళిక చేతికిచ్చాడు. ఆవిడ పడేసింది. అతను చీపురు అందించాడు. ఆ కోర్సు మొత్తంలో ఆవిడ సొంతంగా, విజయవంతంగా నిర్వహించిన ప్రయోగం అదొక్కటే.

పాఠ్యపుస్తకంతో ఇంకో తంటా. పరమాణువుల అధ్యాయం చదవబోతే కళ్ళు అచ్చుతప్పుల మీదికే పోయేవి. ముప్పై పేజీల్లో నలభై ఒక్క తప్పులు పట్టింది, పరమాణువును మాత్రం పట్టలేకపోయింది. 'సమయోజనీయ బంధం' అన్న మాటకు వ్యుత్పత్తి చెప్పమంటే నిద్రలోనైనా చెబుతుంది. ఆ బంధం ఎవరెవరి మధ్య అంటే నోరు పెగలదు. మాటలన్నీ తెలిసి విషయం ఒక్కటీ తెలియని స్థితి నిఘంటు కార్యాలయంలో ఒక అర్హత. ఇక్కడ కాదని ఆవిడకు ఆలస్యంగా అర్థమైంది.

రాత పరీక్షలో ముప్పై తొమ్మిది వచ్చాయి. ప్యాసవడానికి నలభై కావాలి. మిగిలిన ఒక్కటీ ప్రయోగశాలలో తెచ్చుకోవాలి, అక్కడున్నదీ ఒక్కటే. (శాస్త్రేతరుల జీవితంలో ప్రయోగాలకు గల ప్రాముఖ్యాన్ని గుర్తించి పోయిన ఏడాదే అర నుంచి ఒకటికి పెంచారు.)

ప్రయోగం సులువైనదే. సీసాలోని ద్రవంలో మూడు చుక్కలు సూచిక వేయాలి. పసుపు వస్తే ఆమ్లం, ఆకుపచ్చ వస్తే తటస్థం, నీలం వస్తే క్షారం. జవాబు పత్రంలో రెండు గడులు: 'రంగు', 'నిర్ధారణ'. రెండో గడి మీద 'శాస్త్రేతరులకు వర్తించదు' అని ముద్ర కొట్టి ఉంది. చూడ్డం వరకే వాళ్ళ పని, తేల్చడం పెద్దల పని. రంగును ఒకే ఒక్క మాటలో రాయాలని కింద సూచన.

అరసున్న గారికి ఏడో నంబరు సీసా వచ్చింది. మూడు చుక్కలు వేసింది. ద్రవం లేత గరిక రంగుకు తిరిగింది. ప్రాణం లేచి వచ్చి 'ఆకుపచ్చ' అని రాసేసింది. అక్కడితో కలం మూసి ఇంటికి వెళ్ళిపోతే ఈ కథ లేదు.

కానీ పంతొమ్మిదేళ్ళ అలవాటు ఒళ్ళు విరుచుకుని లేచింది. ఆకుపచ్చ? సీసాలో ఆకు ఎక్కడుంది? లేని ఆకును రాయడం అతివ్యాప్తి దోషం కాదా? పైగా ఒక్క మాట రాయమన్నారు, ఇది చూడబోతే రెండు మాటల సమాసం. ఆవిడ 'ఆకు'ను నీటుగా కొట్టేసి, పక్కన మార్జిన్లో 'తొలగించు' అన్న ప్రూఫు గుర్తు కూడా వేసింది. 'పచ్చ' మిగిలింది. ఇంత శుభ్రమైన జవాబు ఈ గది ఎరగదనుకుంటూ తృప్తిగా బయటికి వచ్చింది.

ఆవిడ భర్త రంగుల షాపులో సేల్స్‌మన్. డబ్బా మూత తీయకుండా రంగు చెప్పగల మనిషి.

"ఏం రాశావ్?" అని అడిగాడు.

"పచ్చ."

"ఏ పచ్చ?"

కాఫీ కలుపుతున్న చెంచా ఆగింది. "ఏ పచ్చ అంటే ఏంటండీ?"

"మా షాపుకొచ్చి పచ్చ ఇమ్మంటారు. ఇస్తాం. ఇల్లంతా పూసుకున్నాక, మేం అడిగిన పచ్చ ఇది కాదని డబ్బాలు పట్టుకుని మీదికొస్తారు. అందుకే ఆకుపచ్చా, పసుపుపచ్చా అని రెండుసార్లు అడక్కుండా మేం మూత తియ్యం."

"ముందు ఆకుపచ్చ అనే రాశానండీ."

"మరింకేం?"

"ఆకు కొట్టేశా."

ఆయన చెంచా అందుకుని, కాఫీ తనే కలుపుకున్నాడు.

వారానికి ఫలితాలు వచ్చాయి. ఆవిడ మార్కు ఆపేశారు. కారణం: 'వర్ణ సందిగ్ధత'. పచ్చ అంటే పసుపైతే తప్పు, ఆకుపచ్చయితే ఒప్పు. తేల్చడానికి ముగ్గురు సభ్యులతో వర్ణ నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. పోయి ఏడో సీసాలో చూస్తే సరిపోతుంది కదా అని లెక్చరరు అన్నాడట. ఇది శాస్త్రేతరుల పేపరు కనుక శాస్త్రీయమైన సాక్ష్యం చెల్లదని అధ్యక్షుడు తోసిపుచ్చాడు. పైగా సీసా కడిగేశారు.

ఆవిడ పరుగున అటెండరు దగ్గరికి వెళ్ళింది. "ఏడో సీసాలో ఏముందో మీకు తెలుసు కదా?"

"తెలీకపోవడమేంటి అమ్మగారూ, నేనేగా పోసింది. కుళాయి నీళ్ళు."

"నీళ్ళా?"

"మీ బ్యాచికి రసాయనాలు ఇవ్వొద్దని సర్క్యులరుంది. ఏడూ, ఎనిమిదీ, తొమ్మిదీ, అన్నీ కుళాయే."

"అయితే తటస్థమేగా! ఆ ముక్క సంఘం ముందు చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"చెప్పానండి. నువ్వు అటెండరువి, నీళ్ళని నీళ్ళని చెప్పే అధికారం నీకు లేదన్నారు."

ఉపసంఘం మూడుసార్లు సమావేశమైంది. మొదటి సభ్యుడు, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందన్న సామెతను సాక్ష్యంగా ప్రవేశపెట్టి, అక్కడ పచ్చ అంటే నిస్సందేహంగా పసుపేనన్నాడు. రెండో సభ్యురాలు పచ్చికను ప్రవేశపెట్టింది. అధ్యక్షుడు తన మోచేతి మీది పచ్చబొట్టు చూపించి, ఇది నీలంగా ఉంది కాబట్టి విద్యార్థిని క్షారమని కూడా ఉద్దేశించి ఉండవచ్చన్నాడు. మినిట్సులో మూడు రంగులూ నమోదయ్యాయి. భాషకు సంబంధించిన చిక్కు కనుక, అధికారిక నిఘంటు కార్యాలయాన్నే అడగాలని తీర్మానించారు.

లేఖ వచ్చింది: 'పచ్చ అను పదమునకు ప్రధానార్థమేది? ఆధారముతో తెలుపగలరు.' ప్రధాన సంపాదకుడు దాని మీద 'సంబంధిత సిబ్బంది చూడగలరు' అని రాసి కిందికి పంపాడు. 'ప' అక్షరం సొరుగు అరసున్న గారిది. లేఖ నాలుగు బల్లలు దాటి ఆవిడ ముందుకే వచ్చి వాలింది.

సొరుగు తీసింది. పదకొండేళ్ళ కిందట, సహాయ సంపాదకుడు సెలవులో ఉంటే, ఆయన బదులు తనే రాసిన కార్డు అది. ముత్యాల్లాంటి అక్షరాలు. 'పచ్చ: 1. పసుపు రంగు. 2. ఆకు రంగు.' ఈ వరుస కోసం ఆవిడ అప్పట్లో రెండు నెలలు పోట్లాడి నెగ్గింది కూడా. కార్డు పెన్సిలుతో ఉంది. బల్ల మీద రబ్బరు ఉంది.

భర్తకు ఫోను చేసింది.

"ఒకటి రెండు చెయ్, రెండు ఒకటి చెయ్. అంతేగా!" అన్నాడాయన. "పసుపుకేమన్నా నోరుందా, వచ్చి అడగడానికి?"

"తప్పు కదండీ."

"పంతొమ్మిదేళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దావు. నీ కోసం ఒక్కటి చేసుకోలేవా?" ఆ మాట ఆయన కోపంగా అనలేదు. అందుకే ఆవిడకు ఏడుపొచ్చింది.

రబ్బరు చేతిలోకి తీసుకుంది. ఎవరికి తెలుస్తుంది? పాత కూర్పు ప్రధాన సంపాదకుడి బల్లకు ఒక కాలు పొట్టిదైతే దాని కింద ఉంది, దాన్ని తెరిచి చూసినవాళ్ళు లేరు. మొదటి పేజీలో తన పేరు ఎక్కడ పడుతుందో కూడా ఆవిడకు తెలుసు, పైనుంచి ఆరో వరుస. రబ్బరు అంకె దాకా వెళ్ళింది, ఆగింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి దాన్ని సొరుగులో పడేసి, ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి పంపేసింది. ఇది నిజాయితీ అని ఆవిడ అనుకోలేదు. అనుకోగలిగితే కొంత ఊరటగానే ఉండేది. తప్పును దిద్దడం అలవాటైన చెయ్యి, ఒప్పును దిద్దడం దానికి చేతకాలేదంతే. ఒక్కసారి మాత్రం చేతనైంది, పరీక్ష రోజున.

ఉపసంఘం నిఘంటువు మాటను శిరసావహించింది. పదానికి రెండు అర్థాలున్నాయి కనుక ఒక మార్కును రెండుగా విభజించారు. ఆకు రంగుకు అర, పసుపు రంగుకు సున్న. మొత్తం ముప్పై తొమ్మిదిన్నర. సైన్సు విద్యార్థులకైతే అర మార్కును ఒకటిగా సవరిస్తారు. శాస్త్రేతరులకు సవరణ సిలబస్‌లో లేదు. మార్కుల పత్రంలో ఆవిడ పేరుకు ఎదురుగా, చదవడానికి సులభంగా ఉంటుందని అంకెల్లో కాక అక్షరాల్లో, రెండు గడులనూ కలిపి రాశారు: 'అర సున్న'.

"మీ పేరు యూనివర్సిటీ దాకా పాకింది మేడం!" అన్నాడు పక్క బల్ల ప్రూఫ్ రీడరు. అతనికి విషయం తెలియదు. ఆవిడ కూడా నవ్వింది. నవ్వకుండా వదిలేయదగ్గ జోకు కాదు అది, సొంతంగా సంపాదించుకున్నది.

ప్రధాన సంపాదకుడు లోపలికి పిలిచాడు. "మొదటి పేజీ అచ్చుకు వెళ్ళిపోయిందమ్మా. ఏం చేస్తాం? వచ్చే కూర్పులో తప్పకుండా చూద్దాం."

"వచ్చే కూర్పు ఎప్పుడు సార్?"

"పోయినదానికీ దీనికీ పద్దెనిమిదేళ్ళు పట్టిందిలే. ఈసారి తొందరపెడదాం." అని ఉపసంఘం ఉత్తర్వును ముందుకు జరిపాడు. "ఇంకో చిన్న పనుంది. పచ్చ అనే మాటకు ఇంత విలువ అని అధికారిక పత్రంలోనే ప్రయోగం దొరికింది కదా. దాన్ని మనం వదిలేయకూడదు. మూడో అర్థంగా చేర్చేయ్. ఆ కార్డు నీదేగా."

అరసున్న గారు బల్ల దగ్గరికి వచ్చి, కార్డు తీసి, అదే ముత్యాల రాతతో రాసింది: '3. (విశ్వవిద్యాలయ వ్యవహారము) అర మార్కు.'

నాలుగో రోజుకు ప్రూఫు వచ్చింది. మూడుసార్లు చూసింది, తప్పులు లేవు. అడుగున సంతకం పెట్టి పంపేసింది. ప్రూఫుల మీది సంతకాలు అచ్చులోకి రావు.