నాలుగో పేజీలో రెండు అంగుళాలు

ఆ బుధవారం బులెటిన్ బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. నాలుగింటికి పత్రికను ప్రెస్సుకు పంపాలి, అయిదింటికి దారిలో ఫ్యాను కండెన్సరు కొనాలి, ఆరింటికల్లా ఇంట్లో గాలి ఆడాలి. మూడు నెలలుగా తిరగని ఆ ఫ్యాను గురించి భార్య ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. పొద్దున గుమ్మం దాటుతుంటే కూడా వదల్లేదు.

"ఏవండీ, ఊళ్లో ఏ వీధిలో ఏ పని ఎప్పుడవుతుందో రాస్తారు కదా. మనింటి ఫ్యాను ఎప్పుడవుతుందో కూడా రాయకూడదూ?"

బాబాయి పురపాలక కార్యాలయంలో వారం వారం వచ్చే నాలుగు పేజీల సమాచార బులెటిన్‌కు సంపాదకుడు, విలేకరి, ప్రూఫులు దిద్దేవాడు, అన్నీను. చెత్తబండి వేళలు, టీకాల తేదీలు, పార్కు మూసే రోజులు, గ్రంథాలయానికొచ్చిన కొత్త పుస్తకాలు, ఇవే ఆయన వార్తలు. పద్నాలుగేళ్లుగా అదే పని చేస్తుండటంతో ఆఫీసులో ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆ సోమవారమే కమిషనరు మేడం పిలిచి ఓ మాట చెప్పారు. "దీన్ని ఎవరూ చదవడం లేదండీ. వచ్చే సోమవారం మూసివేత ఫైలు మీద సంతకం పెట్టేస్తున్నా. మీరు మురుగుకాలవల ఫిర్యాదుల విభాగానికి వెళ్దురుగాని." బాబాయి మురుగుకు భయపడలేదు. పద్నాలుగేళ్లు రాసిందంతా ఎవరూ చదవలేదన్న మాటకే ఆయనకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఇక మిగిలింది ఒకే ఒక్క సంచిక. దాన్నయినా తప్పు లేకుండా తేవాలనుకున్నాడు.

ఎప్పటిలాగే నాలుగో పేజీలో రెండు అంగుళాల జాగా ఖాళీగా ఉంది. అది నీళ్ల ఇంజనీరుగారి ప్రకటనది. శనివారం ఉదయం మెయిన్ వాల్వు మారుస్తారు, మధ్యాహ్నం దాకా ఊరంతటికీ నీళ్లు రావు. ఆ సంగతి రాసి పంపడానికి ఇంజనీరుగారికి తీరిక దొరకలేదు. అంతవరకూ జాగా కొలతకు బాబాయి ఓ ఉత్తుత్తి ప్రకటన రాసిపెట్టాడు. పిచ్చి అక్షరాలతో ఖాళీ నింపడం ఆయనకు చిన్నతనం. ఉత్తుత్తిదైనా తేదీ, వేళ, స్థలం ఉండి తీరాలి. ఆ రోజు ఆయన మనసులో ఉన్నది ఒకటే కాబట్టి అదే కాగితం మీదికి వచ్చింది:

"ఈ శనివారం ఉదయం తొమ్మిదింటికి పురపాలక ప్రాంగణంలో పాడైన ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు మొదలగునవి ఉచితంగా బాగుచేయబడును. పౌరులు ఈ అవకాశమును వినియోగించుకోగలరు."

నాలుగుకు అయిదు నిమిషాలుండగా అసలు ప్రకటన వచ్చింది. దాన్ని పేజీలో పెట్టి ఇంకో ఫైలుగా దాచాడో లేదో, ఫోను మోగింది.

"కండెన్సరు మర్చిపోయేరు!"

"మర్చిపోను. ఒట్టు."

"నిన్నా ఇదే ఒట్టు పెట్టారు."

ఫోను మెడకింద నొక్కిపెట్టి, ఒట్టుమీద ఒట్టు వేస్తూ బాబాయి ప్రెస్సుకు ఫైలు పంపేశాడు. పంపింది పాత ఫైలు. ఆ హడావిడిలో కండెన్సరూ కొనలేదు.

గురువారం పది గంటలకల్లా టెలిఫోను అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "బాబాయిగారూ, నలభై మూడు ఫోన్లు! కుట్టుమిషను తేవచ్చా అని ఒకావిడ, పళ్లసెట్టు బాగుచేస్తారా అని ఒకాయన. ఏం చెప్పమంటారు?"

బాబాయి నాలుగో పేజీ తిప్పి చూశాడు. లేని శిబిరం ఉంది, ఉన్న వాల్వు లేదు. చేసిన తప్పు ఒప్పేసుకుందామని మేడం గదికి వెళ్లాడు. మేడం ఫోనులో చైర్మనుగారితో మాట్లాడుతున్నారు.

"అవునండీ... మా ఆలోచనేనండీ... ప్రజలకు దగ్గరవ్వాలి కదండీ... తప్పకుండా రండి, రిబ్బను మీరే కత్తిరించాలి." ఫోను పెట్టేసి ఆవిడ బాబాయి వైపు తిరిగారు. "ఇంతకీ ఈ శిబిరం ఎవరిదండీ?"

బాబాయి చెప్పబోయాడు. అంతలో నీళ్ల ఇంజనీరు బులెటిన్ చేత్తో పట్టుకుని, తన ప్రకటన ఏదని నిలదీయడానికి రుసరుసలాడుతూ లోపలికి వచ్చాడు.

"సరిగ్గా వచ్చారు," అన్నారు మేడం. "మీ ఫిట్టర్ల దగ్గర పనిముట్లుంటాయిగా? శనివారం అందర్నీ ప్రాంగణంలో కూర్చోబెట్టండి."

"శనివారమా! మేడం, ఆ రోజు మెయిన్ వాల్వు మార్చాలి. ఊరంతా నీళ్లు బందు."

మేడం బులెటిన్ అందుకుని నాలుగు పేజీలూ తిరగేశారు. "బులెటిన్‌లో లేదే? జనానికి చెప్పకుండా నీళ్లెలా ఆపుతారు?"

ఇంజనీరు బాబాయి వైపు చూశాడు. బాబాయి ఫ్యాను వైపు చూశాడు. ఆ ఆఫీసు ఫ్యాను చక్కగా తిరుగుతోంది.

శనివారం తొమ్మిదింటికి వరుస గేటు దాటి, మందుల షాపు దాటి, మలుపు తిరిగింది. చైర్మనుగారు రిబ్బను కత్తిరించబోతే మొద్దుబారిన కత్తెరకు అది తెగలేదు. ఆ కత్తెరే ఒకటో నంబరు టోకెనయింది. ఫిట్టర్లకు పైపులు తప్ప మరోటి తెలియదు. మొదటి మిక్సీని పైపురెంచితో పట్టుకోగానే అది రెండయింది.

ఆ మిక్సీ యజమానురాలు నెత్తీనోరూ బాదుకుంటుంటే, వరుసలో ఇస్త్రీపెట్టెతో నిలబడ్డ రిటైర్డు రేడియో మెకానిక్కు చూడలేకపోయాడు. "ఇలా ఇవ్వమ్మా!" అని లాక్కుని అక్కడే మెట్లమీద కూర్చున్నాడు. కుట్టుమిషను తెచ్చినావిడకు కత్తెర సానపట్టడం వచ్చు. ఆవిడ కుట్టుమిషను ఇంకెవరో విప్పారు. పదకొండింటికల్లా వరుస చెదిరి, ఎవరి సామాను వాళ్లు పక్కవాళ్ల చేతుల్లో పెట్టి కబుర్లలో పడ్డారు. ఫిట్టర్లు మంచినీళ్లు అందించారు. కొళాయిల్లో నీళ్లు నిక్షేపంగా వస్తున్నాయి.

బాబాయి టోకెన్లు రాస్తూ తల ఎత్తితే ఎదురుగా భార్య. చేతుల్లో ఫ్యాను.

"మీరా! ఇదెవరు పెట్టించారోగానీ వాళ్లకు చేతులెత్తి మొక్కాలండీ. మీకు మూడు నెలలు చెప్పాను. పేపర్లో చూశాను, మూడు రోజుల్లో వచ్చేశాను."

"నువ్వు బులెటిన్ చదువుతావా?" అన్నాడు బాబాయి.

"పద్నాలుగేళ్లుగా చదువుతున్నా. మీతో మాట్లాడ్డం కంటే అదే నయం, విషయం తేదీతో సహా ఉంటుంది."

బాబాయికి కళ్లు చెమర్చాయి. ఆ తడిలోనే నూట పన్నెండు నంబరు రాసి ఇచ్చాడు. రెండు గంటలకు శిబిరం ముగిసేసరికి తొంభై ఆరో నంబరు దాకానే బాగుచేయగలిగారు. మిగతావి వచ్చే నెల శిబిరానికని చైర్మనుగారు మైకులో ప్రకటించేశారు.

సోమవారం మేడం బల్లమీద మూసివేత ఫైలు తెరిచే ఉంది. బాబాయి ఇక దాచలేకపోయాడు.

"మేడం, ఆ శిబిరం ఎవరిదీ కాదు. ఖాళీ నింపడానికి నేను ఊరికే రాసింది. పొరపాటున అచ్చయింది. ఏ శిక్ష వేసినా సరే."

మేడం లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. ఫైలు మూసి సొరుగులో పడేశారు.

"అంటే అందులో వేస్తే పని జరిగిపోతుందన్నమాట," అన్నారు గొంతు తగ్గించి. "ఈ వారం నాలుగో పేజీలో ఎంత జాగా ఉంది?"

"వాల్వు ప్రకటన పోను రెండు అంగుళాలు, మేడం."

"మా ఇంటి ముందు వీధిదీపం ఆరు నెలలుగా వెలగడం లేదండీ. కమిషనరుగా నేనే మూడు మెమోలిచ్చాను. శుక్రవారం వెలుగునని వేసేయండి."

శుక్రవారం దీపం వెలిగింది, దాని కిందే నిలబడి బాబాయి, ఆ వెలుగు చూడ్డానికి వచ్చిన తన భార్య చేతిలోని నూట పన్నెండో నంబరు టోకెను మీద వచ్చే నెల శిబిరం తేదీ వేసి ఇచ్చాడు.